బురదే కదా అనుకోకండి



ఆవకాయ జాడీలో పైకి నూనె తేలకపోతే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. నూనెలో మునిగిన ముక్క ఏడాది గడిచినా చెక్కుచెదరదు. పైకి తేలి గాలి తగిలిన ముక్కకు నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. మన వంటింట్లోని ఈ చిన్న సూత్రమే భూగోళం వేడెక్కే విషయంలోనూ పనిచేస్తున్నదంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆ సంగతే ఈవేళ చెప్పుకుందాం.

మామూలు నేల మీద రాలిన ఆకులు, గడ్డి గాలి తగిలి కుళ్లిపోతాయి. వాటిలోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. ఏడాది పొడుగునా నీరు నిలిచే చిత్తడి నేలల్లో అలా జరగదు. అడుగుకు ప్రాణవాయువు అందదు గనుక, ఆకులూ గడ్డీ కుళ్లీ కుళ్లకుండా నల్లని మెత్తని పొరలుగా పేరుకుంటాయి. దీనిని పీట్ అంటారు. మనం కూర్చునే పీటకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు సుమండీ! ఏడాదికి ఇది సుమారు ఒక మిల్లీమీటరు మందం పెరుగుతుంది. అంటే మీటరు మందం పేరుకోవాలంటే వెయ్యేళ్లు పడుతుందన్నమాట.

ప్రపంచంలోని నేలలో పీట్ ఉన్నది నూటికి మూడు వంతులే. అయినా భూమ్మీది అడవుల్లోని చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం ఇందులోనే దాగి ఉంది. ఆఫ్రికాలో కాంగో నది పరీవాహకంలో ఉన్న పీట్ నేలల విస్తీర్ణాన్ని శాస్త్రజ్ఞులు 2017లో లెక్కకట్టారు. ఒక్క అక్కడే సుమారు 3,000 కోట్ల టన్నుల కర్బనం ఉన్నదని తేలింది. మన దేశంలోనూ నీలగిరి కొండల లోయల్లో, కేరళలోని కుట్టనాడులో ఇటువంటి నేలలు కొద్దిగా ఉన్నాయి.

మరి ముప్పు ఎక్కడ? నీరు తీసేయడంలో. ఇండోనేషియాలో 1996లో పది లక్షల హెక్టార్ల పీట్ నేలను వరిపొలాలుగా మార్చాలని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వి నీటిని తోడేశారు. వరి పండలేదు సరికదా, నేల ఎండి అగ్గిపుల్లకు సిద్ధమైంది. 2015లో అక్కడ పీట్ నేలలు, అడవులు కలిపి సుమారు 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. ఆ పొగ సింగపూరు, మలేషియాల దాకా కమ్మింది. పీట్‌లో నిప్పు నేల లోపల కుంపటిలా రాజుకుంటూ పోతుంది. పైనుంచి ఎన్ని బిందెలు పోసినా ఆరదు. నిప్పే అంటుకోకపోయినా, ఎండిన పీట్ గాలి తగిలిన ఆవకాయ ముక్కలాగే పాడవుతూ బొగ్గుపులుసు వాయువును వదులుతూనే ఉంటుంది.

దీనికి మందు కూడా తేలికైనదే. కాలువలకు అడ్డుకట్టలు వేసి నీటిని మళ్లీ నిలపడం. ఇండోనేషియా ప్రభుత్వం 2016లో ఇందుకోసం ప్రత్యేక సంస్థను పెట్టింది. పీట్ నేలల్లో నీటిమట్టం 40 సెంటీమీటర్ల కంటే లోతుకు దిగకూడదని నిబంధన చేసింది. తడిలోనే పెరిగే పంటలు వేసుకోవచ్చు. మనం సగ్గుబియ్యాన్ని కర్రపెండలం దుంపతో చేస్తాం కదా, అక్కడ దాన్ని సాగో అనే చెట్టు బోదెలోంచి తీస్తారు. ఆ చెట్టుకు నీళ్లంటే భయం లేదు.

ఇదంతా ఎక్కడో దేశాల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన బాల్కనీ దాకా వచ్చేసింది. నర్సరీల్లో పీట్ మాస్ అని సంచులు అమ్ముతారు. అది చల్లని దేశాల చిత్తడి నేలల్లోంచి వేల ఏళ్ల పొరను తవ్వి తెచ్చినది. కోకోపీట్ అలాంటిది కాదు. పేరులో పీట్ ఉన్నా అది కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు. కుండీలకు అది చాలు. ఇటుకను నీళ్లలో నానబెట్టి, ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడిగి, మాగిన పశువుల ఎరువు గానీ వంటింటి చెత్తతో చేసిన ఎరువు గానీ కలిపితే మొక్కలు హాయిగా పెరుగుతాయి.

ఇక మన రాయదుర్గం సంగతి. ఇది రాతినేల. ఇక్కడ పీట్ లేదు. కాని చెరువులున్నాయి. ఒకనాడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వేశారు. సాయంత్రాలు పిల్లలతో వెళ్లి చూసి వస్తున్నాం. ఆ వంతెన కింది నీటి అడుగున ఉన్న బురదా కర్బనాన్ని పట్టి ఉంచేదే. మల్కం చెరువు బురదా అంతే. కొల్లేరు బురద కూడా అంతే. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువుల గట్లు పెరిగిపోవడంతో 2006లో వాటిని పడగొట్టవలసి వచ్చింది. ఒకసారి చెరువు పోయాక తిరిగి తేవడం ఎంత యాతనో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ఒక మెలిక ఉంది. నీరు నిలిస్తే చాలదు, ఆ నీరు శుభ్రంగా ఉండాలి. మురుగు చేరిన చెరువులో గుర్రపుడెక్క కమ్మేస్తుంది. అది చచ్చి అడుగున కుళ్లి మీథేన్ అనే వాయువు పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అంటే మేలు చేయవలసిన చెరువు చేత మనమే కీడు చేయిస్తున్నామన్నమాట.

కాబట్టి మనం చేయగలిగినవి రెండు మాటల్లో చెబుతాను. మొదటిది, మీ అపార్టుమెంటు మురుగు ఎక్కడికి పోతున్నదో తెలుసుకోండి. శుద్ధిచేసే యంత్రం నిజంగా నడుస్తోందా, కరెంటు బిల్లు ఎక్కువవుతోందని ఆపేశారా? సంఘం సమావేశానికి మగవారిని పంపి ఊరుకోకుండా మీరూ వెళ్లి అడగండి. టాంకరు నీళ్లకు డబ్బు పోసేది మనమే కదా! చెరువు నిండితేనే బోరులో నీళ్లని మరచిపోకూడదు.

రెండవది, ఇల్లు కొనేటప్పుడు వంటగది ఎంత, పూజగది ఏ దిక్కున ఉంది అన్నవి చూస్తూనే, అది శిఖం భూమా అని కూడా అడగండి. నగరంలో పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్ల వరకు, చిన్నవాటికి 9 మీటర్ల వరకు కట్టడాలు ఉండరాదని 2012 నాటి నిబంధనలున్నాయి. 2024లో హైడ్రా వచ్చాక చెరువుల్లో కట్టిన ఇళ్లు కూలుతుంటే, పుస్తెలతాడు కుదువపెట్టి కొనుక్కున్నామని ఏడ్చిన తల్లులను టీవీల్లో చూశాం. అమ్మినవాడు హాయిగా ఉన్నాడు, కొన్న ఇల్లాలు వీధిన పడింది. కాగితాల మీద సంతకం పెట్టే ముందే చెరువు పటం చూపించమని అడగడం మన హక్కు.

వెయ్యేళ్ల పాటు పేరుకున్న పొరను ఒక్క వేసవిలో పోగొట్టవచ్చు. నిలబెట్టడానికి మాత్రం పెద్ద విద్య అక్కరలేదు. తడి ఆరనీయకపోవడం, మురుగు చేరనీయకపోవడం, అంతే. జాడీలో ముక్క మునిగేటట్లు చూసుకునే ఇల్లాలికి ఇది కొత్త పాఠమేమీ కాదు.