చెవి నేర్పిన నాటక రచన

మాడుగుల నేడు అనకాపల్లి జిల్లాలో, కొండల దిగువ నున్న ఊరు. అచ్చటి హల్వా దూరప్రాంతములకును తెలిసినదే. గోధుమలను నానవేసి, పాలు తీసి, నేతితో ఓపికగా కాచిననే గాని ఆ రుచి రాదు. టెలివిజను నాటకములు వ్రాయగోరు యువకులకు మేము చెప్పదలచినదియు ఆ ఓపికను గురించియే.

ఈ వృత్తికి రాచబాట లేదు. 1939లో విజయనగరమున జన్మించిన గొల్లపూడి మారుతీరావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివినది గణిత భౌతిక శాస్త్రము. మొదట 'ఆంధ్రప్రభ'లో ఉపసంపాదకులై, పిదప ఆకాశవాణిలో సుమారు 20 సంవత్సరములు పనిచేసినారు. ఉద్యోగములో ఉండగానే, 1964లో వెలువడిన 'డాక్టర్ చక్రవర్తి' చిత్రరచనలో పాలుపంచుకొన్నారు. అయినను ఉద్యోగమును విడిచినది 1981లో. కలము నెలనెలా జీతమీయదు గదా!

రేడియో నేర్పునదేమి? ఇచ్చట తెర లేదు. పాత్ర గదిలోనికి వచ్చినదని తెలియుటకు అడుగుల చప్పుడో, పేరు పెట్టి పిలుచుటో ఉండవలెను. ఐదారు గొంతులు ఒక్కసారి కలిసినచో శ్రోత తికమకపడును. గడియారము మరొక గురువు. అరగంట నాటకము అరగంటలోనే ముగియవలెను.

సినిమాకు వచ్చుసరికి న్యాయము మారును. కన్ను చూచినదానిని నోరు మరల చెప్పరాదు. మారుతీరావుగారి 'కళ్ళు' నాటకములో గ్రుడ్డి బిచ్చగాండ్రు డబ్బు కూడబెట్టి తమలో ఒకనికి చూపు తెప్పింతురు. చూపు వచ్చినవాడు వారిని మరచును. 1988లో ఎం.వి. రఘుగారి దర్శకత్వమున ఇది చలనచిత్రమైనది. రంగస్థలముపై మాట మోసిన బరువును తెరపై ముఖములును వీధులును పంచుకొనవలసి వచ్చును. కథ ఒక్కటే, రచన వేరు.

మరి టెలివిజను? హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో ఆరంభమైనది. తరువాత ప్రైవేటు ఛానళ్ళును, వాటితో దినదిన ధారావాహికలును వచ్చినవి. సినిమా ప్రేక్షకుడు చీకటిలో కదలక కూర్చుండును. ఇంటిలోనో, పొయ్యిమీద పప్పు ఉడుకుచుండును, పిల్లవాడు పుస్తకము అడుగుచుండును. కూర తరుగుచున్న ఇల్లాలు తరచు చెవిని మాత్రమే తెరకు అప్పగించును. కాబట్టి బుల్లితెర నాటకము సినిమాకన్న రేడియోకే దగ్గరి చుట్టము. చెవికి అందని సంభాషణ అచ్చట నిలువదు.

కష్టమును కూడ చెప్పవలెను. ధారావాహికకు కథ ఒకరు, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు మరొకరు వ్రాయుట కద్దు. ప్రేక్షకుల సంఖ్య తగ్గినచో కథ మలుపు తిరుగును. రచయిత ప్రేమించిన పాత్ర అంతర్ధానమగును. రేపటి భాగము నేడే కావలెను. ఈ ఒత్తిడిలో తన గొంతును కాపాడుకొనుటయే రచయితకు అసలు పరీక్ష.

అందుచేత మా సలహా ఇది. ముందుగా ఒక అరగంట రేడియో నాటకము వ్రాయుడు. ఇంటిలో ఒకరిని కన్నులు మూసుకొనుమని చెప్పి, చదివి వినిపించుడు. ఎవరు మాట్లాడుచున్నారో, ఎచ్చట ఉన్నారో వారు చెప్పగలిగిరా, తెరకు పోవు దారిలో మొదటి మెట్టు ఎక్కినట్లే.