రైలు లేని ఊరికి బుల్లెట్ రైలుతో పనేంటి?

హైదరాబాద్‌లో ఉదయం 9 గంటలకు ఆన్‌లైన్ పరీక్ష. బాన్సువాడ అభ్యర్థి ఎప్పుడు బయల్దేరాలి? దూరం 150 కిలోమీటర్ల పైమాటే. అర్ధరాత్రి దాటాక బస్సు పట్టుకోవాలి, లేదా ముందు రోజే వెళ్లి లాడ్జిలో దిగాలి. రైలెక్కాలన్నా ముందు కామారెడ్డికో, నిజామాబాద్‌కో బస్సెక్కాల్సిందే. పరీక్ష ఫీజు కన్నా ప్రయాణం ఖర్చే ఎక్కువ!

ఇలాంటి ఊళ్లో ‘మనకెందుకీ బుల్లెట్ రైలు’ అని అడిగితే తప్పు పట్టలేం. 2026 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో మూడు హైదరాబాద్‌వే: పుణె, బెంగళూరు, చెన్నై. మనకేమో బాన్సువాడ మీదుగా బోధన్–బీదర్ లైన్ ఇంకా డిమాండ్‌గానే ఉంది. సర్వేలైతే జరిగాయి, పట్టాలే పడలేదు.

అయినా పెట్టుబడి పెట్టాల్సిందే అంటాను. జపాన్‌లో 1964లో టోక్యో–ఒసాకా హైస్పీడ్ లైన్ వేసింది వేగం కోసమే కాదు, పాత లైన్ కిక్కిరిసిపోయినందుకు కూడా. దూరప్రయాణికులు కొత్త పట్టాల మీదికి వెళ్తే పాత పట్టాలపై లోకల్, గూడ్స్ రైళ్లకు చోటు దొరుకుతుంది. సింగిల్ లైన్ మీద క్రాసింగ్ కోసం ఆగిన రైల్లో కూర్చున్నవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మన కామారెడ్డి మీదుగా వెళ్లే ముద్ఖేడ్–మేడ్చల్ మార్గం డబ్లింగ్‌కు కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదం తెలిపింది. బాన్సువాడకు ముందుగా అక్కరకొచ్చేది ఇదే.

అసలు భయం ఆలస్యం గురించి. పెద్దపల్లి–నిజామాబాద్ లైన్‌కు 1993లో శంకుస్థాపన చేస్తే, పూర్తయింది 2017లో. ఆ ఏడు పుట్టిన పిల్లాడు డిగ్రీ కూడా పూర్తి చేసేశాడు, రైలు మాత్రం రాలేదు. 178 కిలోమీటర్లకు ఇంతకాలమా? కొంచెం కొంచెంగా నిధులిస్తే ఇలాగే ఉంటుంది. అందుకే పెద్ద కారిడార్‌తో పాటే దానికి జనాన్ని చేర్చే చిన్న లైన్లకూ ఒకేసారి డబ్బివ్వాలి.

ఇక ఉద్యోగాల సంగతి. ముంబయి–అహ్మదాబాద్ 508 కిలోమీటర్ల మార్గంలో కంకర బదులు కాంక్రీటు పలకల మీద పట్టాలు వేస్తున్నారు. ఈ పని తెలిసినవాళ్లు దేశంలో తక్కువ. సివిల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, బీటెక్ వాళ్లు జాతీయ హైస్పీడ్ రైల్ కార్పొరేషన్ నోటిఫికేషన్లపై కన్నేసి ఉంచండి. ఆర్ఆర్‌బీ జూనియర్ ఇంజినీర్ పరీక్షకూ దాదాపు ఇవే సబ్జెక్టులు కాబట్టి ప్రిపరేషన్ వృథా పోదు. సాధారణ డిగ్రీ వాళ్లకు ఎన్‌టీపీసీలో స్టేషన్ మాస్టర్, గూడ్స్ ట్రైన్ మేనేజర్ పోస్టులున్నాయి. వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయం రవాణా రంగానికే ప్రత్యేకం, పీజీ ఆలోచన ఉంటే అక్కడి కోర్సులు చూడండి. సికింద్రాబాద్‌లోని ఇరిసెట్‌లో రైల్వే సిగ్నల్, టెలికాం ఇంజినీర్లకు శిక్షణ ఇస్తారు. ఉద్యోగం కొడితే మీ తొలి క్లాసు అక్కడే కావచ్చు. ఆ క్లాసుకూ ప్రస్తుతానికి బాన్సువాడ బస్టాండు నుంచే బయల్దేరాలి మరి!