జారు సైన్యం ఓటమి - రైతు చేతికి భూమి

రాజకీయ తరగతులు జరిగినప్పుడల్లా వ్యవసాయ కార్మిక యువకుల దగ్గర్నించి ఒక ప్రశ్న వస్తూనే వుంటుంది. "జారు యుద్ధంలో ఓడిపోయాడు గనకనే రష్యాలో విప్లవం వచ్చిందంటారు. అయితే పాలకులు ఓడిపోయేదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోవాలా?" అని. ప్రశ్న సబబైనదే. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైపోయింది, ఇంకా ఆ కథ ఎందుకనేవాళ్లూ వున్నారు. కాని ఓటమికీ అధికారానికీ మధ్య ఏం జరుగుతుందో తెలియాలంటే రష్యాను చూడక తప్పదు.

జారు ప్రభుత్వం ఓడిపోవడం అదే మొదటిసారి కాదు. 1904లో జపాన్‌తో యుద్ధం వచ్చింది. 1905 జనవరిలో పోర్ట్ ఆర్థర్ పడిపోయింది. మేలో త్సుషిమా దగ్గర నౌకాదళం నాశనమైంది. ఆ జనవరిలోనే పీటర్స్‌బర్గ్‌లో అర్జీ పట్టుకుని వచ్చిన కార్మికుల మీద కాల్పులు జరిపారు. దేశమంతా సమ్మెలు. పల్లెల్లో రైతులు భూస్వాముల భవంతులు తగలబెట్టారు. అయినా విప్లవం గెలవలేదు. ఎందుకని? జారు సెప్టెంబరులో జపాన్‌తో సంధి చేసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడక్కడా తిరుగుబాట్లు వచ్చినా, సైన్యం మొత్తం మీద అతని మాటే వింది. డిసెంబరులో మాస్కో కార్మికుల తిరుగుబాటును సెమ్యోనోవ్‌స్కీ రెజిమెంటు అణచేసింది. పల్లెల మీదికి శిక్షా దళాలు వెళ్లాయి. సైనిక దుస్తులు తొడుక్కున్న రైతుబిడ్డే రైతును కాల్చాడు. ఓటమి ఒక్కటే చాలదని 1905 చెప్పే పాఠం ఇది.

1914లో ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ ఆగస్టులోనే టానెన్‌బర్గ్ దగ్గర జారు సైన్యం ఒకటి పూర్తిగా దెబ్బతింది. 1915లో పోలెండ్, లిథువేనియాలు వదిలేసి వెనక్కి నడిచింది. తుపాకులు చాలక, పక్కవాడు కూలిపోతే వాడి తుపాకి తీసుకోమన్న రోజులవి. యుద్ధకాలంలో దాదాపు కోటీ యాభై లక్షల మందిని సైన్యంలోకి లాగారు. వాళ్లలో అత్యధికులు రైతులే. అసలే మగవాళ్లు లేని ఇంట్లో, గోరుచుట్టు మీద రోకటిపోటులా, గుర్రాన్ని కూడా సైన్యానికి తోలుకుపోయారు. ఇక దున్నేదెవరు? పట్నంలో రొట్టె కోసం ఆడవాళ్లు చలిలో బారులు తీరి నిలబడ్డారు. 1917 మార్చి 8న, మహిళా దినం నాడు, పెట్రోగ్రాడ్ కార్మిక స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండానే కాల్చమన్న సైనికులు తిరగబడి వాళ్లతో కలిశారు. మార్చి 15న జారు సింహాసనం వదులుకున్నాడు.

1905కీ దీనికీ తేడా చూడండి. అప్పుడు సైన్యం దూరాన ఓడిపోయినా విరగలేదు. ఈసారి మూడేళ్ల ఓటమి సైన్యాన్ని లోపల్నించి తినేసింది. కందకంలో కూర్చున్న రైతు తన ఊరి భూమి గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు.

అయితే జారు పోగానే అధికారం బోల్షివిక్కులకు రాలేదు. తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది. అది యుద్ధం ఆపలేదు, భూమీ ఇవ్వలేదు. రాజ్యాంగసభ కూర్చున్నాక చూద్దామంది. రైతుల పార్టీ అని పేరున్న సోషలిస్టు రివల్యూషనరీల నాయకుడు చెర్నోవ్ మే నెలలో వ్యవసాయ మంత్రి అయ్యాడు. ఆయన వల్లా భూమి చట్టం కాలేదు. ఆలస్యం అమృతం విషమన్నారు. జూలైలో కెరెన్‌స్కీ జరిపించిన దాడి విఫలమై సైన్యం మళ్లీ చెదిరింది. సెప్టెంబరులో రీగా పడిపోయింది. సైనికులు వేలకు వేలుగా ఇళ్లదారి పట్టారు. ఊళ్లోకి వచ్చినవాడు ఊరుకుంటాడా? ఎవరి చట్టం కోసమూ ఆగకుండా రైతులు జమీందార్ల పొలాలు ఆక్రమించడం మొదలుపెట్టారు.

ఆ వేసవిలో రైతుల సోవియట్ పత్రిక ఒక పని చేసింది. ఊళ్ల నుంచి ప్రతినిధులు తెచ్చిన కోర్కెల పత్రాలు 242 తీసుకుని, వాటి సారాన్ని ఒక్కచోట కూర్చి అచ్చు వేసింది. నవంబరు 7న అధికారం చేజిక్కించుకున్న బోల్షివిక్కులు మర్నాడే శాంతి డిక్రీ, భూమి డిక్రీ ప్రకటించారు. ఆ భూమి డిక్రీలో ఈ కోర్కెల పత్రాన్నే చేర్చారు. నష్టపరిహారం లేకుండా భూస్వాముల, రాజవంశపు, చర్చిల భూములు రైతు కమిటీల, సోవియట్ల పరం. కూలి పెట్టి సేద్యం చేయించడం నిషేధం. మామూలు రైతు భూమి జోలికి పోరు. "ఇది మా కార్యక్రమం గదా" అని అవతలి పార్టీ వాళ్లన్నారు. కావచ్చు, కాని నెలల తరబడి మంత్రి పదవులు పట్టుకుని వాళ్లెందుకు అమలు చేయలేదు? ఆ నెలలోనే జరిగిన రాజ్యాంగసభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బోల్షివిక్కులకు వచ్చింది నాలుగోవంతు ఓట్లే. కాని ఉత్తర, పశ్చిమ రంగాల సైనికుల్లో సగానికి మించి ఓట్లు వాళ్లకే పడ్డాయి.

ఓటమి ఖరీదు అంతటితో తీరలేదు. 1918 మార్చిలో బ్రెస్ట్-లిటోవ్‌స్క్ సంధితో యుక్రెయిన్ పంటభూములు చేజారాయి. పట్నాలకు తిండి లేదు. అంతర్యుద్ధం ముదిరింది. భూమి ఇచ్చిన ప్రభుత్వమే రైతు గాదెలోంచి ధాన్యం బలవంతాన తీసుకుపోయింది. 1920-21లో టాంబోవ్ రైతులు తిరగబడ్డారు. 1921 మార్చిలో ఆ పద్ధతి మానుకుని, నిర్ణీతమైన పన్ను పెట్టారు. ఈ సంగతి దాచిపెట్టడం మనకు మంచిది కాదు.

ఇక హంగరీ చూడండి. 1918లో ఆ దేశమూ యుద్ధంలో ఓడిపోయింది. రాజరికం పోయింది. కరోయ్ ప్రభుత్వం భూసంస్కరణ చట్టం చేసింది. 1919 ఫిబ్రవరిలో ఆయన సొంత భూమే పంచడం మొదలుపెట్టాడు గాని, పని ముందుకు సాగలేదు. మార్చి 21న బేలా కున్ నాయకత్వంలో సోవియట్ రిపబ్లిక్ వచ్చింది. పెద్ద కమతాలన్నీ స్వాధీనం చేసుకుంది, కాని పంచలేదు. సమష్టి క్షేత్రాలన్నారు. చాలాచోట్ల పాత గుమాస్తాలే కొత్త అధికారులుగా కూర్చున్నారు. తరతరాలుగా వాళ్లచేత తిట్లు తిన్న కూలివాడికి ఏం మారినట్టు? పైనుంచి రుమేనియా సైన్యం వచ్చిపడింది. ఆ రిపబ్లిక్ 133 రోజులు నిలిచింది. దాన్ని కాపాడుకోవడానికి పల్లె కదలలేదు. తర్వాత హోర్తీ పాలన వచ్చింది, భూస్వాములు భూస్వాములుగానే వున్నారు.

కనుక యువకుల ప్రశ్నకు జవాబిది. పాలకుల ఓటమి వాన లాంటిది. అది మన చేతిలో లేదు, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ వాన కోసం లక్షలాది పేదల రక్తం కారాలని కోరుకోనూ కూడదు. దుక్కి దున్ని, విత్తనం సిద్ధం చేసుకున్నవాడికే వాన అక్కరకొస్తుంది. దుక్కి అంటే ఊరూరా సంఘం. విత్తనం అంటే కూలివాడు, పేదరైతు తమ నోటితో చెప్పి రాయించుకున్న కోర్కె. మన ఊళ్లో అలాంటి పత్రం ఒక్కటైనా వుందా? లేకపోతే ఈ వారమే గ్రామసభ పెట్టి రాయడం మొదలుపెట్టాలి.