చప్పుడును, చదువును

మన గౌరిబిదనూరు పేరు దేశాంతర శాస్త్రజ్ఞులు సైతము ఎరుగుదురు. 1965లో అణుశక్తి శాఖవారు ఇచ్చట భూకంపమాపకముల వరుసను నెలకొల్పిరి. వేల మైళ్ల దూరమున భూగర్భమున జరుగు అణ్వస్త్ర పరీక్షల అదురును గూడ అది పట్టగలదు. 1976లో రేడియో దూరదర్శినియు వెలసినది. ఆకాశము నుండి వచ్చు మిక్కిలి బలహీనమైన తరంగములను పట్టుట దాని పని. చుట్టునున్న అలజడి తక్కువయైననే యిట్టి యంత్రములకు సూక్ష్మ సంకేతము చిక్కును. తరగతి గదిలో పిల్లవాని చెవియు నట్టిదే.

మాటలో అచ్చులు బలమైనవి. క, త, ప వంటి పరుషములు రెప్పపాటులో ముగియును. వీధిలో లారీ హారను మ్రోగునపుడు 'పాలు', 'కాలు', 'తాలు' అను మూడును ఒకే తీరున చెవిని బడును. పెద్దలు సందర్భమును బట్టి పోయిన అక్షరమును పూరించుకొందురు. పదమునే క్రొత్తగా నేర్చుకొనుచున్న బాలునకు అది సాధ్యమా? అందును మన పిల్లలు ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు వినువారు. ఇంటి భాష కాని దానిని రొదలో వినుట మరింత కష్టము. కావున ఉక్తలేఖనములోని తప్పులన్నింటిని అశ్రద్ధ క్రింద జమకట్టుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఉపాధ్యాయుడు గొంతు పెంచినను ప్రయోజనము స్వల్పమే. అరుపులో అచ్చులే పెరుగును.

న్యూయార్కులో ఒక పాఠశాల ప్రక్కనే ఎత్తైన వంతెనపై రైళ్లు పోవుచుండెను. రైలు వైపు గదులలోని పిల్లలు, రెండవ వైపు వారికంటె చదువుటలో వెనుకబడిరనియు, ఆరవ తరగతినాటికి ఆ వెనుకబాటు ఏడాదికి చేరువైనదనియు 1975లో ఆర్లీన్ బ్రోన్‌జాఫ్ట్ అను మనస్తత్వ శాస్త్రవేత్త వెల్లడించిరి. పిమ్మట పట్టాల క్రింద రబ్బరు దిండ్లు వేసి, గదుల కప్పునకు ధ్వనిని పీల్చు పలకలు అమర్చగా, 1981నాటి పరిశీలనలో ఆ భేదము కానరాలేదు. పిల్లలును, గురువులును మారవలసిన పని లేకపోయెను!

రేయి మైకుల హోరుచే నిద్ర చెడిన బాలునకు మరునాడు పాఠము తలకెక్కదు. మితిమీరిన ధ్వనిచే లోచెవిలోని సూక్ష్మ రోమకణములు నశించినచో మరల మొలవవు.

2000 సంవత్సరపు కేంద్ర నియమముల ప్రకారము బడి చుట్టును 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలము కాదగినది. పగటి హద్దు 50 డెసిబెళ్లు. జాతరలు మానుమని మేము చెప్పుట లేదు, మైకు మొగము బడివైపు త్రిప్పవలదనియే మా మనవి. వీధి ప్రక్క గదిని గిడ్డంగికి విడిచి చిన్న తరగతులను లోపలికి మార్చవచ్చును. లారీ పోవునందాక ఆగి పాఠము మరల చెప్పవచ్చును. జలుబుచే చెవి దిబ్బడ వేసిన పిల్లలను ఆ నాలుగు దినములును ముందు వరుసలో కూర్చుండబెట్టవలెను.