అడవి అంచు పల్లె: గుర్తులు, సౌకర్యాలు

సూళగిరి అనగానే ముందుగా మదిలో మెదిలేది కొండ. శూలంవలె నిలిచిన శిఖరాలను బట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. కొండ ఒడిలో వరదరాజస్వామి గుడి ఉంది. హోసూరు నుండి కృష్ణగిరికి పోయే జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. ఆ రహదారిని విడిచి లోపలికి పోతే, సానమావు వంటి అడవులను ఆనుకొని ఎన్నో చిన్న పల్లెలు కనిపిస్తాయి. ఒక గుండు, ఒక కుంట, మారెమ్మ గుడి, రచ్చకట్ట, అంగన్‌వాడి, రేషన్ అంగడి, వేళ పట్టుకొని వచ్చే ఒకటి రెండు బస్సులు. ఇదీ ఆ పల్లెల స్వరూపం. వీటిలో కొన్నింటిని గుర్తులని, కొన్నింటిని సౌకర్యాలని మనం వేరుచేసి చూస్తాము. నిజానికి అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

గుండు, నీరు

మన సీమలో ఎటు చూసినా గుండ్లే. నేల కింద ఉన్నదీ ఆ రాయే. దాని పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీటిలో రాతిలోని ఫ్లోరైడు కరుగుతుంది. లీటరు నీటిలో ఇది 1.5 మిల్లీగ్రాములకు మించితే ఆ నీరు తాగడానికి తగదు. శాశ్వత దంతాలు చిగుళ్లలోపల రూపుదిద్దుకొనే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు పిల్లలు అటువంటి నీరు తాగితే, తరువాత వచ్చే పళ్లపై గోధుమరంగు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగిన పెద్దలకు ఎముకలు, కీళ్లు బిగుసుకొనిపోతాయి. మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది.

ఈ కారణంగానే హొగేనకల్ వద్ద కావేరి నీటిని శుద్ధి చేసి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు అందించే పథకాన్ని జపాన్ ఋణసాయంతో నిర్మించి, 2013లో ప్రారంభించారు. ఆ నీరు అందే పల్లెలలో తాగడానికీ, వంటకూ దానినే వాడి, బోరు నీటిని స్నానానికీ, బట్టలకూ ఉంచుకోవడం మేలు. బోరు నీటినే తాగవలసి వస్తే ముందుగా దానిని పరీక్ష చేయించాలి. కంటికి తేటగా ఉండడం, నోటికి తియ్యగా ఉండడం ఇందుకు ప్రమాణం కాదు.

అడవి, దారి

రాగి పంట కోతకు వచ్చే కాలంలో బన్నేరుఘట్ట, తళి ప్రాంతాల నుండి ఏనుగులు సానమావు అడవికి తరలివస్తాయి. ఈ రాక చిన్నది కాదు. 1980ల తొలినాళ్లలో హోసూరు, ధర్మపురి అడవుల నుండి బయలుదేరిన ఏనుగులే చిత్తూరు జిల్లాకు చేరాయి. వాటి కోసమే 1990లో అక్కడ కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

కనుక అడవి అంచు పల్లెలో వీధిదీపం, ఇంటి మరుగుదొడ్డి, పొద్దుగూకక ముందు వచ్చే బస్సు, ఇవన్నీ ప్రాణరక్షణకు సంబంధించినవి. తెల్లవారకముందు ఒంటరిగా చేనికి పోరాదు. ఏనుగుల గుంపును రాళ్లతో కొట్టి బెదరగొట్టరాదు. చేను చుట్టూ కరెంటు తీగ కట్టడం నేరం. ఆ తీగ ఏనుగును చంపినట్లే తెల్లవారి చేనికి వచ్చిన ఇంటివారినీ చంపుతుంది.

దారి ఇంత కష్టమైనది గనుకనే, ఇంటివద్దకు వచ్చే సేవకు విలువ ఎక్కువ. రక్తపోటు, మధుమేహం మందులను ఇంటికే తెచ్చియిచ్చే పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మన జిల్లాలోని సామనపల్లిలోనే ప్రారంభించింది. నడవలేని పెద్దలున్న ఇళ్లవారు తమ పేరు నమోదైనదో లేదో ఆరోగ్య కార్యకర్తను అడిగి తెలుసుకోవాలి.

పేరు, బడి

సామనపల్లి, ఉద్దనపల్లి అని పల్లెల పేర్లు పలికినా, గుండు, కుంట, వంక, మిట్ట అని చోట్ల గుర్తులు చెప్పినా, అందులో వినిపించేది తెలుగే. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతి నుండి ఏటా ఒక్కొక్క తరగతిగా తప్పనిసరి అవుతూ, 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. తాలూకా కచ్చేరిలో అర్జీ వ్రాయడానికీ, ఉద్యోగానికీ తమిళం కావలసిందే. దానిని చక్కగా నేర్వాలి. అయితే తాత చూపిన కుంట పేరును మనుమడు తెలుగులో వ్రాయలేకపోతే, ఆ గుర్తు సగం చెరిగినట్లే. బడిలో తెలుగు చెప్పే అవకాశం లేనిచోట, రోజుకు అరగంట ఇంట్లోనైనా అక్షరాలు దిద్దించాలి.

నీటి పరీక్ష, వీధిదీపం, బస్సు వేళ, తెలుగు ఉపాధ్యాయుడు, వీటన్నిటినీ అడగడానికి గ్రామసభ ఉంది. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఏడాదికి ఆరు గ్రామసభలను నిర్ణయించింది: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. రచ్చకట్టపై మాట్లాడుకొన్న మాట అక్కడికే పోతుంది. సభలో తీర్మానంగా వ్రాయించిన మాట కచ్చేరికి చేరుతుంది. ఇంటికొకరైనా ఆ సభకు వెళ్లిరావాలి.