యాంటీసెన్స్ ఔషధములు: అపోహలు – వాస్తవములు

శంషాబాదు దాటి బెంగుళూరు రహదారిపై సాగువారికి కొత్తూరు చెంత నాట్కో మొదలగు ఔషధ కర్మాగారములు కానవచ్చును. కనుక పత్రికలలో ఏ క్రొత్త మందు పేరు పడినను అది రేపో మాపో ఇచ్చటనే మాత్రయై వెలువడునని ఈ ప్రాంతమువారు తలచుటలో వింత లేదు. యాంటీబయాటిక్కులకు లొంగని బాక్టీరియాలపై ప్రయోగింపదలచిన యాంటీసెన్స్ అణువుల విషయమున మాత్రము ఆ తలంపు తొందరపాటే. 1998లో కంటికి సోకు ఒకానొక వైరస్ వ్యాధికి ఫోమివిర్సెన్, 2016లో శిశువుల కండరములను క్షీణింపజేయు వంశపారంపర్య వ్యాధికి నుసినెర్సెన్ ఆమోదము పొందినవి గాని, బాక్టీరియా వ్యాధులకు అట్టి ఔషధ మొక్కటియు నేటికిని వైద్యుని చేతికి రాలేదు.

“మందు నా ఒంటికి అలవాటుపడినది” అనుట మన యిండ్లలో మిక్కిలి పాతుకొనిన అపోహ. అలవాటుపడునది ఒడలు కాదు, బాక్టీరియా. అందులకు రోగితోనైనను పని లేదు. హైదరాబాదు నగరమునకు ఆవలి అంచుననున్న పటాన్‌చెరులో, అనేక ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటియందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కలదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మందు పుచ్చుకొనిన రోగి రక్తమున నుండు పరిమాణముకంటె అది అధికము. శుద్ధిచేసిన నీరే అది!

ఇక ఈ అణువులు మన జన్యువులను మార్చివేయునను భయము. 1978లో జామెక్నిక్, స్టీఫెన్‌సన్ అనువారలు ఒక వైరస్‌పై నిరూపించిన మార్గమున డీఎన్‌ఏ జోలికి పోవలసిన పనియే లేదు. జన్యువునుండి ప్రతియై వెలువడు ఎంఆర్‌ఎన్‌ఏ అను సందేశమునందు, ప్రోటీను నిర్మాణము ఆరంభమగు తావునకు సరిజోడుగ, పదిపన్నెండు అక్షరముల కృత్రిమ శృంఖలము నిర్మింతురు. జాబు మొదటి పంక్తిపై తెల్లకాగితము అతికించినట్లు అది అచ్చట అంటుకొనినంతనే, ఆ ప్రోటీను పుట్టుక నిలిచిపోవును. ఎన్నుకొనిన జాతినే తాకుట దీని గుణము. అయితే రోగకారకమేదో ముందుగ తేల్చుకొనవలసివచ్చుట చికిత్స ఆలస్యము కారాదనువారికి చిన్న చిక్కు కాదు.

పాత మందులకు ఇక కాలము చెల్లునని మరికొందరందురు. భారతదేశమున చికిత్స పొంది స్వీడనుకు మరలిన రోగియందు 2008లో గుర్తింపబడి, న్యూఢిల్లీ పేరు మోయుచున్న ఎన్‌డీఎం-1 ఎంజైము కార్బాపెనెములు అను యాంటీబయాటిక్కులను ఛేదించును గదా. ఆ ఎంజైము పుట్టుకను అడ్డగించు మోర్ఫోలినో అను యాంటీసెన్స్ అణువును ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున గెల్లర్ బృందము నిర్మించి, 2017లో మెరోపెనెము అను కార్బాపెనెముతో జతగ ఎలుకలయందు ప్రయోగింపగా, బాక్టీరియాను చంపినది ఆ జతలోని పాత మెరోపెనెమే.

అణువును కూర్చుట కంటె లోనికి పంపుట కష్టము. గ్రామ్-నెగటివ్ బాక్టీరియాల బాహ్యపటలము ఇట్టి పెద్ద అణువులను రానీయదు గనుక, వానికి వాహక పెప్టైడులను జతచేయుచున్నారు. వీనికి ప్రతిరోధమే పుట్టదనుట కూడ పొసగదు: వీనిలో కొన్నింటిని లోనికి గొనిపోవు ఎస్‌బీఎంఏ అను రవాణా ప్రోటీను జన్యువు చెడిన ఎషెరీషియా కోలై, మందునుండి తప్పించుకొనినది. వాహక పెప్టైడును మార్చిన అణువులు కొన్ని మాత్రము ఆ ప్రోటీనుతో నిమిత్తము లేకయే ప్రవేశించినవి.