తేరిన నీరెల్ల మంచినీరేనా?

2024 ఆగస్టు 5వ తేదీన పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రపు పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి కూల్చివేసిరి. కిన్నెరసాని నీటితో, సింగరేణి బొగ్గుతో దశాబ్దములపాటు నడచిన ఆ 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020 నాటికే మూతపడినవి. టవర్లు నేలకొరగుటకు క్షణములు చాలినవి. కాని పరిశ్రమ వెడలిపోయినను దాని జాడ నేలలో మిగులవచ్చును. బొగ్గు బూడిద నిలువచేసిన చెరువులనుండి ఆర్సెనిక్, బోరాన్ వంటివి నీటితోపాటు లోనికి ఇంకుట ప్రపంచమున పలుచోట్ల కనబడిన విషయము. పాల్వంచ నీరు చెడినదని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఏ పాత పరిశ్రమస్థలమందైనను నేలక్రింది నీటిని శుద్ధిచేయ మొదలిడినచో, ఆ పని ముగిసినదని ఎప్పుడు చెప్పవలెను? ఇదియే నేటి ప్రశ్న.

ఇది ఊహకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. హైదరాబాదు చెంత పటాన్‌చెరు, బొల్లారము పరిశ్రమల వ్యర్థజలములు నక్కవాగులో చేరి, ఆ వెంబడి గ్రామముల బావులను చెరచినవి. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టును చేరెను. పెరటిలో బావి యుండియు బయటి నీటికై ఎదురుచూడవలసిన ఇల్లాలికి, “ఇక తోడుకొనవచ్చును” అను మాట ఎంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ మాట తొందరపడి చెప్పినచో పిల్లల ఆరోగ్యమునకు ముప్పు. అకారణముగ ఆలస్యము చేసినచో భూమియు, ధనమును వృథా.

చెడిన నీటిని బోర్లద్వారా తోడి శుభ్రపరచుట ఒక సామాన్య పద్ధతి. కొన్నాళ్లకు పరీక్షలో మలినము పరిమితికి దిగును. ఉదాహరణకు, త్రాగునీటిలో లీటరునకు క్రోమియము 0.05 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము. అంతటితో పని ముగిసినదా?

నూనె పోసిన మట్టికుండను తలచుకొనుడు. నాలుగుమార్లు కడిగినచో నీరు తేటగనే కనబడును. ఆ కుండలో మరల నీరు పోసి రాత్రి యుంచినచో, తెల్లవారునప్పటికి నూనెవాసన తిరిగి వచ్చును. కుండ గోడలలో ఇంకిన నూనె మెల్లగ ఊరుటయే కారణము. నేలలోని బంకమట్టియు, రాతిపగుళ్లును అట్టివే. పంపులు నడచునంతకాలము మంచి ఫలితము వచ్చి, ఆపిన కొన్ని నెలలకు మలినము మరల పెరుగవచ్చును. కావున అసలు పరీక్ష పంపులు ఆపిన పిమ్మటనే ఆరంభమగును.

ఆ పరీక్షయు ఒక్క బావిలో, ఒక్క దినమున జరిగిన చాలదు. నీరు పారు దిక్కున పలు బావులు చూడవలెను. వేసవిలో నీటిమట్టము దిగియుండును. వానలకు అది లేచి, పై మట్టినంటిన మలినమును కడిగి తేవచ్చును. మరికొన్నిచోట్ల వాననీరు కలసి మలినము పలుచబడి కనబడవచ్చును. అందుచేత వానలకు ముందును, వెనుకను, కొన్ని సంవత్సరములపాటు చూచి, ఫలితములు నిలకడగ నున్నవని తెలిసికొనవలెను.

ఇంకొక చిక్కు కలదు. ప్రకృతియే కొన్నిచోట్ల నీటిలో దోషము కలిపియుంచినది. నెల్లూరు ప్రాంతపు ఫ్లోరైడు వ్యాధిని 1937లోనే వైద్యులు లోకమునకు తెలిపిరి. నల్లగొండ బాధ మనకు తెలియనిది కాదు. అట్టి నేలలో పరిశ్రమ తెచ్చిన మలినమెంత, రాతినుండి వచ్చినదెంత అని విడదీయవలెను. ఇందుకు పరిశ్రమ నీడ పడని చుట్టుప్రక్కల బావులే సాక్షులు. ఐనను మలినము రాతినుండి వచ్చినదన్నంత మాత్రమున ఆ నీరు త్రాగదగినది కాదు.

కలుషిత స్థలములను గుర్తించి శుద్ధిచేయుటకు కేంద్ర ప్రభుత్వము 2025 జులైలో ప్రత్యేక నియమములు ప్రకటించినది. నియమములున్నను ప్రజలు అడుగవలసిన ప్రశ్నలుండును. భద్రాచలము ఏజెన్సీ గ్రామసభలోనైనను, పట్టణపు వార్డులోనైనను ఇవి మూడు: పంపులు ఆపి ఎంతకాలమైనది? ఏయే బావులను ఏయే ఋతువులలో పరీక్షించిరి? త్రాగుటకా, పైరునకా, కేవలము ఫ్యాక్టరీ వాడుకకా, దేనికి ఈ నీరు తగునని చెప్పుచున్నారు? పైరునకు తగిన నీరెల్ల పసిబిడ్డకు తగదు. ఈ మూడింటికి కాగితముపై స్పష్టమగు సమాధానము దొరకిననాడు బావికి వేసిన తాళము తీయవచ్చును. అంతవరకు అది అట్లే యుండుట మేలు.